సి.కె. నాయుడు

సి.కె. నాయుడుగా ప్రసిద్ధి చెందిన కొఠారి కనకయ్య నాయుడు (1895 అక్టోబరు 31 - 1967 నవంబరు 14) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో జన్మించిన ఇతడు కుడిచేతి బ్యాట్స్‌మన్, మధ్యస్థ వేగంతో బంతులు వేసే బౌలర్, చురుకైన ఫీల్డర్. 1916లో మొదలైన ఇతని ఫస్ట్ క్లాస్ క్రికెట్ జీవితం 1963 వరకు సాగింది. ఇండోర్‌ను పాలించిన హోల్కర్ సంస్థానం ఇతనిని బయటి నుంచి పిలిపించి, సైన్యంలో పదవి ఇచ్చి, తన జట్టుకు నాయకుడిని చేసింది. అప్పటికి బాల్యదశలో ఉన్న జాతీయ పోటీ రంజీ ట్రోఫీలో ఆ జట్టు ఇతని సారథ్యంలో నాలుగు పర్యాయాలు విజేతగా నిలిచింది. 1956లో భారత ప్రభుత్వం ఇతనిని పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

బాల్యం, కుటుంబం

నాయుడు జన్మించేనాటికి నాగపూర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌కు రాజధాని. నగరంలోనూ, సమీపంలోని కాంప్టీ కంటోన్మెంటులోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉండేవి. నాయుడు తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరున్న న్యాయవాది, భూస్వామి. భారత జాతీయ కాంగ్రెస్ తొలినాళ్ళ సభ్యులలో ఒకడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో చదివి, న్యాయశాస్త్ర పట్టభద్రుడై, తరువాత హోల్కర్ సంస్థానంలో న్యాయ వృత్తిలో పనిచేశాడు. ఈ విధంగా కుమారుడు క్రికెట్ కోసం ఇండోర్ చేరకముందే ఆ కుటుంబానికి ఆ ఊరితో పరిచయం ఉంది.

నాయుడు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజియేట్ హైస్కూలులో చదివాడు. ఏడేళ్ళ వయసులోనే పాఠశాల జట్టులో చోటు సంపాదించాడు. 1913లో హైస్కూలు జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఇతని తమ్ముడు సి.ఎస్. నాయుడు (1914-2002) కూడా లెగ్ స్పిన్ బౌలర్‌గా పేరుపొంది, భారత్ తరఫున 11 టెస్టులు ఆడాడు.

క్రికెట్ రంగ ప్రవేశం

ఆ రోజుల్లో దేశంలో ప్రధానమైన పోటీ బొంబాయి క్వాడ్రాంగ్యులర్. అందులో హిందువులు, ముస్లిములు, పార్శీలు, యూరోపియన్లు వేర్వేరు జట్లుగా ఆడేవారు. జట్ల విభజనకు ప్రాంతం కాక మతమే ఆధారం. 1916లో యూరోపియన్లతో జరిగిన పోటీలో హిందువుల జట్టు తరఫున నాయుడు తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడాడు. 79 పరుగులకు 7 వికెట్లు పడిన స్థితిలో తొమ్మిదవ స్థానంలో బ్యాటింగుకు దిగి, మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాలుగవ బంతిని సిక్సర్‌గా మలచాడు. ఆ తరువాత సుమారు యాభై ఏళ్ళపాటు ప్రేక్షకులు ఇతని నుంచి ఆశించినది ఇటువంటి ఆటనే.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లాండుకు చెందిన ఎం.సి.సి. జట్టు భారత్‌లో పర్యటించింది. బొంబాయి జింఖానా మైదానంలో డిసెంబరు 1న హిందువుల జట్టు తరఫున నాయుడు 116 నిమిషాలలో 153 పరుగులు చేశాడు. ఇందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు ఉన్నాయి. పర్యాటక జట్టు ఇతనికి వెండి బ్యాట్ బహూకరించింది. భారతీయులు అంతర్జాతీయ స్థాయి బౌలింగును ఎదుర్కొనగలరని ఈ ఇన్నింగ్స్ నిరూపించింది. దేశానికి ఒక క్రికెట్ సంఘం అవసరమని గిల్లిగన్ ఇచ్చిన సలహా కూడా తోడై, 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

ఇండోర్‌కు ఆహ్వానం

1923లో హోల్కర్ మహారాజు నాయుడును ఇండోర్‌కు ఆహ్వానించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. తరువాత కాలంలో కల్నల్ హోదా లభించింది. అందువలననే క్రికెట్ చరిత్రలో ఇతని పేరుకు ముందు కల్నల్ అనే మాట స్థిరపడింది. ఆ హోదా యుద్ధరంగంలో కాక క్రికెట్ మైదానంలో సంపాదించుకొన్నది.

ఈ ఏర్పాటును అర్థం చేసుకోవాలంటే ఆనాటి పరిస్థితిని గమనించాలి. భారత్‌లో క్రికెట్ ఆడి జీతం తీసుకొనే వృత్తి అప్పటికి లేదు. మ్యాచ్‌ల ద్వారా వచ్చే ఆదాయంతో ఏ ఆటగాడూ బ్రతకలేడు. సంపన్నుల బిడ్డలకు ఆట ఒక వేడుక. ఇతరులకు ఏదైనా సంస్థానంలో సైనిక పదవి గాని, దర్బారు ఉద్యోగం గాని దొరికితేనే ఆటలో కొనసాగే వీలుండేది. పాటియాలా, నవానగర్, బరోడా, హోల్కర్ వంటి సంస్థానాలు ఈ పద్ధతిలో ఇతర ప్రాంతాల ఆటగాళ్ళను తెచ్చి పోషించేవి. ఆటగాడికి జీవనం దొరికేది, సంస్థానానికి కీర్తి దక్కేది. అయితే ఆటగాడి భవిష్యత్తు ఒక రాజు అభిరుచి మీద ఆధారపడి ఉండేది.

హైదరాబాదు రాజ్యంలోనూ ఇటువంటి పోషణ ఉండేది. నిజాము ప్రభువులకు సన్నిహితులైన పైగా వంశీయుల సమాధులు నేటికీ పాతబస్తీలోని పిసల్‌బండ వద్ద చూడవచ్చు. ఆ వంశానికి చెందిన నవాబు మొయినుద్దౌలా పేరిట 1930-31లో సికింద్రాబాదులో గోల్డ్ కప్ పోటీ మొదలైంది. దేశం నలుమూలల నుంచి సంస్థానాధీశులు తాము పోగుచేసిన జట్లతో ఈ పోటీకి వచ్చేవారు. విజయనగరం మహారాజకుమారుడు తన ఫ్రీలూటర్స్ జట్టులో ఆడించడానికి వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్‌ను సైతం రప్పించాడు.

1932 ఇంగ్లాండు పర్యటన

1932లో భారత జట్టు తొలి టెస్ట్ ఆడటానికి ఇంగ్లాండు బయలుదేరింది. జట్టుకు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజును, ఉపనాయకుడిగా లింబ్డీ రాజకుటుంబీకుడిని నియమించారు. రాజవంశీయుడే నాయకుడు కావాలన్నది ఆనాటి ఆచారం. ఇతర ఆటగాళ్ళు తమలో ఒకరి నాయకత్వాన్ని అంగీకరించరనే వాదన దీనికి కారణంగా చూపేవారు. పోర్‌బందర్ మహారాజుకు తన ఆట పరిమితి తెలుసు. కొన్ని మ్యాచ్‌ల తరువాత అతడు తప్పుకొన్నాడు. లింబ్డీ గాయపడ్డాడు. ఆ విధంగా సారథ్యం నాయుడుకు దక్కింది. మైదానంలో ఒక సామాన్యుడి ఆజ్ఞకు లోబడటానికి జట్టులో కొందరు ఇష్టపడలేదని, పెద్దల జోక్యంతో ఆ వివాదం సద్దుమణిగిందని చెబుతారు.

జూన్ 25న లార్డ్స్ మైదానంలో టెస్ట్ మొదలైంది. మహమ్మద్ నిస్సార్ వేగానికి ఇంగ్లాండు 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. నిస్సార్ ఆ ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. భారత్ తొలి ఇన్నింగ్స్‌లో చేసిన 189 పరుగులలో నాయుడు చేసిన 40 పరుగులే అత్యధికం. ఫీల్డింగులో చేతికి తగిలిన గాయంతోనే అతడు ఆ పరుగులు చేశాడు. డగ్లస్ జార్డైన్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ నిలకడగా ఆడటంతో ఇంగ్లాండు 158 పరుగుల తేడాతో గెలిచింది.

అంతకు ముందు అదే మైదానంలో ఎం.సి.సి. జట్టుపై నాయుడు 118 పరుగులతో అజేయంగా నిలిచాడు. పర్యటనలోని ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 40.45 సగటుతో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం ఇతనిని ఆ ఏటి మేటి క్రికెటర్లలో ఒకడిగా ఎంపిక చేసింది.

స్వదేశంలో టెస్టులు, 1936 పర్యటన

1933-34లో జార్డైన్ నాయకత్వంలో ఇంగ్లాండు జట్టు భారత్‌కు వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసులలో జరిగిన మూడు టెస్టులకూ నాయుడే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ భారత్ తరఫున తొలి శతకం (118) సాధించినప్పుడు, నాయుడు 67 పరుగులతో అతనికి తోడుగా నిలిచాడు. ఈ జంట మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించింది. భారత్ ఈ సిరీస్‌ను 2-0 తేడాతో కోల్పోయింది.

1936 ఇంగ్లాండు పర్యటనకు నాయుడును కెప్టెన్‌గా నియమించలేదు. ఆ పదవి విజ్జీగా పేరుపొందిన విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతి రాజుకు లభించింది. భారత టెస్ట్ జట్టు తొలి ఇద్దరు కెప్టెన్లకూ తెలుగు నేలతో సంబంధం ఉండటం విశేషం. అయితే వారిద్దరి మధ్య సఖ్యత లేదు. మూడు టెస్టులలో విజ్జీ చేసిన మొత్తం పరుగులు 33. జట్టు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట పర్యటన మధ్యలోనే ఇంటికి పంపివేశారు. ఇటువంటి వాతావరణంలో ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో, గబ్బీ ఆలెన్ వేసిన బంతి దెబ్బను తట్టుకొని నాయుడు రెండవ ఇన్నింగ్స్‌లో 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఇతని అత్యధిక స్కోరు ఇదే. ఇతని చివరి టెస్ట్ కూడా ఇదే.

రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా భారత్ మరల 1946 వరకు టెస్టులు ఆడలేదు. నాయుడు తొలి టెస్ట్ ఆడేనాటికే 36 ఏళ్ళు నిండి ఉండటం వలన, ఇతని టెస్ట్ జీవితం 7 మ్యాచ్‌లతో ముగిసింది.

రంజీ ట్రోఫీ, హోల్కర్ జట్టు

రంజిత్‌సింహ్‌జీ పేరిట ఏర్పడిన జాతీయ క్రికెట్ పోటీ 1934-35లో మొదలైంది. మతం ఆధారంగా కాక ప్రాంతాలు, సంస్థానాల ఆధారంగా జట్లు ఏర్పడటం ఇందులో కొత్తదనం. తొలి సంవత్సరాలలో దీనికి బొంబాయి మత పోటీలకు ఉన్నంత ప్రజాదరణ లేదు. ఈ పోటీని నిలబెట్టినవారిలో బయటి ఆటగాళ్ళ పాత్ర పెద్దది. 1936-37లో నవానగర్ జట్టును విజేతగా నిలిపిన కెప్టెన్ ఇంగ్లాండులోని ససెక్స్‌కు చెందిన బెర్ట్ వెన్స్‌లీ. ఉద్యోగమిచ్చి తమ రాజ్యంలో నిలుపుకొన్న ఆటగాడిని సంస్థానాలు తమవాడిగానే ఆడించేవి.

నాయుడు మొదట సెంట్రల్ ఇండియా జట్టు తరఫున ఆడాడు. 1941-42లో హోల్కర్ సంస్థానం సొంత జట్టుతో పోటీలోకి దిగింది. మహారాజా యశ్వంతరావు హోల్కర్ పోషణలో వివిధ కాలాలలో సి.టి. సర్వతే, సి.ఎస్. నాయుడు, బి.బి. నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్, ఎం.ఎం. జగ్దాలే తదితరులు ఇండోర్ జట్టులో ఆడారు. వీరితోపాటు ఇండోర్‌లోనే పుట్టిన ముస్తాక్ అలీ ఉన్నాడు. అతని ప్రతిభను బాల్యంలోనే గుర్తించి తీర్చిదిద్దినవాడు నాయుడే. వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చినవారిని ఒక జట్టుగా మలచడం నాయుడు సాధించిన పెద్ద పని. ఇతని క్రమశిక్షణ కఠినమైనది. బంతి దెబ్బ తగిలినా ఆ చోటును రుద్దుకొని నొప్పి చూపరాదన్నది ఇతని నియమం. సమయపాలన తప్పినవారిని సహించేవాడు కాదు. ఈ కాఠిన్యాన్ని కొందరు విమర్శించినా, అదే నియమాన్ని అతడు తనకూ వర్తింపజేసుకొన్నాడు.

1944-45 ఫైనల్ పోటీ బొంబాయితో జరిగింది. యుద్ధకాలంలో సమీపంలోని మౌ సైనిక స్థావరంలో ఉన్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆ ఏడు హోల్కర్ జట్టులో ఆడాడు. విజయ్ మర్చంట్ 278 పరుగులు చేయగా బొంబాయి రెండవ ఇన్నింగ్స్‌లో 764 పరుగులు సాధించింది. 867 పరుగుల లక్ష్యాన్ని ఎదుర్కొన్న హోల్కర్ జట్టు 492 పరుగులు చేసింది. కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా మిగిలాడు. రెండు జట్లూ కలిసి 2,078 పరుగులు చేసిన ఈ మ్యాచ్‌లో సి.ఎస్. నాయుడు 917 బంతులు వేశాడు. బొంబాయి 374 పరుగులతో గెలిచింది.

మరుసటి ఏడు హోల్కర్ జట్టుకు తొలి విజయం లభించింది. సెమీఫైనల్‌లో మైసూరుపై 8 వికెట్లకు 912 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు చేశారు, వారిలో కెప్టెన్ నాయుడు ఒకడు. బరోడాతో జరిగిన ఫైనల్‌లో 50 ఏళ్ళ వయసులో నాయుడు 200 పరుగులు సాధించాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఇతని అత్యధిక స్కోరు ఇదే. హోల్కర్ 56 పరుగుల తేడాతో ఆ మ్యాచ్ గెలిచింది.

1946-47 ఫైనల్‌లో బరోడా ప్రతీకారం తీర్చుకొంది. విజయ్ హజారే (288), గుల్ మహమ్మద్ (319) నాలుగవ వికెట్‌కు 577 పరుగులు జోడించి హోల్కర్ బౌలర్లను అలసిపోయేలా చేశారు. అయినా హోల్కర్ జట్టు కోలుకొని 1947-48లో బొంబాయిని, 1950-51లో గుజరాత్‌ను, 1952-53లో బెంగాల్‌ను ఫైనల్‌లో ఓడించింది. 1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది పోటీలలో ఎనిమిది పర్యాయాలు ఫైనల్ చేరింది. 1951-52లో బొంబాయితో జరిగిన ఫైనల్‌లో దత్తు ఫడ్కర్ వేసిన బంతి తగిలి నాయుడు పళ్ళు ఊడిపోయాయని, వాటిని పిచ్ మీద నుంచి పక్కకు తొలగించి, వేగం తగ్గించవద్దని బౌలర్‌కు చెప్పి ఆట కొనసాగించాడని చెబుతారు. అప్పటికి ఇతని వయసు 56 సంవత్సరాలు.

సంస్థానాల అంతం

1948లో హోల్కర్ సంస్థానం మధ్యభారత్ రాష్ట్రంలో విలీనమైంది. రాజ్యం పోయినా జట్టు అదే పేరుతో మరికొన్ని సంవత్సరాలు ఆడింది. 1954-55 ఫైనల్‌లో మద్రాసు చేతిలో ఓటమితో హోల్కర్ జట్టు చరిత్ర ముగిసింది. పద్నాలుగు సంవత్సరాలలో పది ఫైనళ్ళు, నాలుగు విజయాలు ఆ జట్టు సాధించిన ఫలితం. రాజపోషణతో పెరిగిన జట్టు ఆ పోషణ ఆగిపోయిన కొద్దికాలానికే కనుమరుగైంది. ఆ తరువాత ఏర్పడిన మధ్యప్రదేశ్ జట్టు రంజీ ట్రోఫీ గెలవడానికి 2022 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఆంధ్ర జట్టు, చివరి సంవత్సరాలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో పాల్గొన్నప్పుడు నాయుడు దానికి సారథ్యం వహించాడు. జీవితంలో ఎక్కువ భాగం తెలుగు నేలకు వెలుపలి జట్ల తరఫున ఆడిన ఇతడు, 58 ఏళ్ళ వయసులో తన మాతృభాష మాట్లాడే రాష్ట్రపు తొలి జట్టును నడిపించాడు. భారత జట్టుకూ, ఆంధ్ర జట్టుకూ తొలి అడుగులలో ముందు నిలిచిన గౌరవం ఇతనికి దక్కింది.

1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టు తరఫున రంజీ ట్రోఫీ ఆడాడు. ఆ రాష్ట్ర క్రికెట్ వ్యవహారాలలో ఒకనాటి ప్రత్యర్థి విజ్జీ ముఖ్యుడు. అప్పటికి నాయుడు వయసు 61 సంవత్సరాలు. రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. ఇతని చివరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ 1963లో జరిగిన ఒక సహాయార్థ ప్రదర్శన పోటీ.

ఆట నుంచి విరమించిన తరువాత నాయుడు జాతీయ జట్టు ఎంపిక సంఘం అధ్యక్షుడిగా, క్రికెట్ నియంత్రణ మండలి ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. రేడియో వ్యాఖ్యాతగానూ వ్యవహరించాడు. 1941లోనే ఒక టానిక్ ప్రకటనలో కనిపించి, వాణిజ్య ప్రకటనలలో పాల్గొన్న తొలి భారతీయ క్రికెటర్‌గా గుర్తింపు పొందాడు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో మరణించాడు. కుమార్తె చంద్రా నాయుడు (మరణం 2021) భారత్‌లో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరుపొందింది. తండ్రి జీవితంపై ఒక పుస్తకం కూడా రచించింది.

గణాంకాలు

టెస్టులు: 7 మ్యాచ్‌లు, 25.00 సగటుతో 350 పరుగులు, 9 వికెట్లు, అత్యధిక స్కోరు 81.
ఫస్ట్ క్లాస్: 207 మ్యాచ్‌లు, 35.94 సగటుతో 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు, అత్యధిక స్కోరు 200.

గుర్తింపు

పద్మభూషణ్ పురస్కారం పొందిన తొలి క్రికెటర్ నాయుడు. ఇతని పేరిట భారత క్రికెట్ నియంత్రణ మండలి యువ ఆటగాళ్ళకు కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీని నిర్వహిస్తున్నది. 1994లో ఇతని పేరుతోనే జీవన సాఫల్య పురస్కారాన్ని నెలకొల్పింది. దానిని తొలిసారి అందుకొన్నవాడు లాలా అమర్‌నాథ్. 1996లో భారత తపాలా శాఖ నాయుడు స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఏడు టెస్టుల గణాంకాలు చూసి మాత్రమే నాయుడు స్థానాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. టెస్ట్ అవకాశం ఇతనికి ఆలస్యంగా వచ్చింది, నాయకత్వం రాజవంశీయులు తప్పుకొన్నాకనే దక్కింది, నాలుగేళ్ళకే అది మరల రాజవంశీయుడికి వెళ్ళింది. ఒక రాజు పోషణలో బ్రతికిన ఆటగాడైనప్పటికీ, మైదానంలో నాయకత్వానికి అర్హత పుట్టుక కాదని, ఆట మాత్రమేనని ఇతని జీవితం నిరూపించింది. స్వాతంత్ర్యానంతరం భారత జట్టు నాయకత్వం రాజవంశాల హక్కుగా మిగలకపోవడానికి తొలి ఉదాహరణగా నిలిచినవాడు సి.కె. నాయుడు.